అన్నాడు, అన్నాడట

పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలు, హైస్కూలు పిల్లలున్న ఇళ్ళలో 'డైరెక్టు స్పీచి', 'ఇన్‌డైరెక్టు స్పీచి' అనే మాటలు వినిపిస్తూ వుంటాయి. రాముడు 'నేను రేపు వస్తాను' అన్నాడనుకోండి. ఇంగ్లీషులో దాన్ని ఇన్‌డైరెక్టు చెయ్యాలంటే 'నేను' పోయి 'అతను' రావాలి, 'రేపు' పోయి 'మరునాడు' రావాలి, క్రియ కాస్తా ఒక మెట్టు వెనక్కి దిగి భూతకాలంలో నిలబడాలి. ఎవరైనా 'అలాస్' అని గుండెలు బాదుకున్నా సరే, మనం మాత్రం చలించకుండా 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో' అని రాసి మార్కులు పుచ్చుకోవాలి. ఆ ఏడుపంతా ఏమైపోయిందో రెన్ అండ్ మార్టిన్‌కే తెలియాలి. (ఆ రెన్‌గారే 'బో జెస్ట్' అనే సాహస నవల కూడా రాశాడు. అందులో జనం డైరెక్టుగానే మాట్లాడుకుంటారు లెండి!)

మన తెలుగులో యీ తిప్పలు లేవు. "రేపు వస్తానన్నాడు మా తమ్ముడు" అంటాం. చెప్పేది నేను, వచ్చేది తమ్ముడు, అయినా 'వస్తాను'లోని 'ను' అతనిదే. "తను రేపు వస్తానన్నాడు" అన్నా ఆ 'ను' కదలదు. ఇంగ్లీషు పద్ధతి నేర్చుకున్నాం కదా అని "వస్తాడన్నాడు" అన్నామో, వచ్చేవాడు తమ్ముడు కాకుండా మరెవరో అయిపోతాడు! ఒకరి మాటను మరొకరి దగ్గరికి మోసుకెళ్ళేటప్పుడు కూడా ఆ మనిషి 'నేను'ను మన భాష ఒలిచి పారెయ్యదన్నమాట. ఇక మాటకు పూచీ పడడం మనకిష్టం లేకపోతే చివర ఒక్క 'ట' తగిలిస్తాం. "వాళ్ళ కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందట." అంతే, చేతులు దులుపుకున్నట్టే.

మరి ఇంగ్లీషువాళ్ళు ఒకరి మాటను ఇంకొకరు చెప్పేటప్పుడు 'నేను' ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు? ఇది వ్యాకరణం పుస్తకంలో దొరకదు. వాళ్ళ పార్లమెంటు చరిత్రలో దొరుకుతుంది, అదీ తమాషాగా.

1738లో కామన్స్ సభవారు ఒక తీర్మానం చేశారు. సభలో ఎవరేమన్నారో బయట అచ్చువేస్తే సభ హక్కులకు భంగం, శిక్ష తప్పదు అని. దేశాన్ని ఏలే మాటలు దేశం వినకూడదన్నమాట! లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ అనే ఆయన 1731 నుంచి 'జెంటిల్‌మన్స్ మాగజైన్' అనే పత్రిక నడుపుతున్నాడు. పాఠకులకేమో ఆ చర్చలే కావాలి. ఆయనకొక ఉపాయం తట్టింది. అప్పటికి పన్నెండేళ్ళ క్రితం స్విఫ్ట్ రాసిన గలివర్ కథలో బెత్తెడు మనుషులుండే లిల్లిపుట్ దేశం వుంది కదా, ఆ దేశపు సభలో జరిగిన చర్చలివి అని వెయ్యడం మొదలుపెట్టాడు. ప్రధానమంత్రి వాల్‌పోల్ అందులో 'వాలెలోప్' అయ్యాడు. పిట్‌గారు 'ప్టిట్' అయ్యాడు. ఎవరు పోల్చుకోలేరు చెప్పండి?

ఆ చర్చల్ని కొన్నేళ్ళపాటు రాసిపెట్టినవాడు శామ్యూల్ జాన్సన్. తర్వాత 1755లో పెద్ద నిఘంటువు ప్రచురించిన ఆ జాన్సనే. కాని అప్పటికి పేరూ లేదు, డబ్బూ లేదు. 1741 నుంచి 1744 దాకా నెలనెలా ఆయన రాసిన చర్చలు పత్రికలో వచ్చాయి. ఆయన ఆ సభ గడప తొక్కింది ఒక్కసారేనట. ఎవరెవరో లోపలికి వెళ్ళి, ఫలానావాళ్ళు మాట్లాడారు, ఫలానా పక్షం వహించారు అని నాలుగు ముక్కలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ నాలుగు ముక్కల్నే పట్టుకుని జాన్సన్ 'నేను', 'నా దేశము', 'నా అంతరాత్మ' అంటూ పేజీలకు పేజీలు డైరెక్టు స్పీచిలో ఉపన్యాసాలు దంచేవాడు. పిల్లల పరీక్షకు ఇది సరిగ్గా తలకిందుల లెక్క!

చాలా ఏళ్ళ తర్వాత ఒక విందులో పెద్దలంతా పిట్ చేసిన ఒకానొక ఉపన్యాసాన్ని తెగ మెచ్చుకుంటున్నారట. అంతసేపూ వూరుకున్న జాన్సన్, దాన్ని తాను ఎక్సెటర్ వీధిలో ఒక అటకగదిలో కూర్చుని రాశానని చల్లగా చెప్పాడట. బల్లచుట్టూ ఎంత నిశ్శబ్దం ఆవరించి వుంటుందో వూహించుకోండి. ఇంకా విచిత్రం, చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు పోయాక 1777లో వేసిన ఆయన రచనల సంపుటంలోకి కూడా జాన్సన్ రాసిన ఉపన్యాసాలు చేరిపోయాయి. నిఘంటువు రోజుల్లో తనను గుమ్మంలో నిలబెట్టాడని ఏ ప్రభువు మీద జాన్సన్ మండిపడ్డాడో, ఆ ప్రభువుకే తెలియకుండా వాగ్ధాటి దానం చేశాడన్నమాట!

జాన్సన్‌కి మాత్రం ఇది వేడుకగా మిగల్లేదు. జనం వాటిని నిజమైన మాటలనుకుంటున్నారని తెలిశాక రాయడం మానేశాడు. 1784లో చనిపోయే ముందు కూడా, తన రాతల్లో తన మనసును బాధపెడుతున్నవి అవేనని మిత్రులతో అన్నాడు. పొట్టకోసం రాశాడు, ఎవరికీ చెరుపు చెయ్యలేదు, అయినా అంత బాధ ఎందుకని మొదట నాకనిపించింది. ఆలోచిస్తే, ఆయన బాధే న్యాయమనిపిస్తుంది. 'అతనిలా అన్నాడట' అని రాస్తే అది వార్త. 'నేను' అని అతని నోట్లో మాట పెట్టడం వేరు. ఆ మనిషి మనమలు కూడా దాన్ని తాతగారి మాటే అనుకుంటారు.

1771లో చర్చలు అచ్చువేసిన ముద్రాపకుల పక్షం వహించినందుకు లండన్ మేయరు బ్రాస్ క్రాస్బీని టవర్ కోటలో బంధించారు. జనం తిరగబడ్డారు. ఆ తర్వాత సభవారు చూసీ చూడనట్టు వూరుకోవడం అలవాటు చేసుకున్నారు. అయినా గాలరీలో పెన్సిలూ కాగితం పట్టుకోనిచ్చేవారు కాదు. విలియం వుడ్‌ఫాల్ అనే పత్రికాధిపతి గంటల తరబడి కూర్చుని విని, ఇంటికెళ్ళి జ్ఞాపకం మీద రాసేవాడు. 'మెమరీ వుడ్‌ఫాల్' అనే పేరే వచ్చింది. ఆకలికి జేబులో ఉడకబెట్టిన కోడిగుడ్డు వుండేదట. 1830ల నాటికి పరిస్థితి మారింది. షార్ట్‌హాండు నేర్చుకుని గాలరీలో కూర్చున్న కుర్రవాళ్ళలో చార్లెస్ డికెన్స్ ఒకడు.

ఇక 'హాన్సార్డు' సంగతి. విలియం కాబెట్ మొదలుపెట్టి, తర్వాత హాన్సార్డ్ అనే ముద్రాపకుడికి అమ్మేసిన చర్చల సంపుటాలివి. (యీ కాబెట్ 1818లో తన కొడుక్కి ఉత్తరాల రూపంలో ఇంగ్లీషు వ్యాకరణం కూడా రాశాడు.) చాలాకాలం అవి పత్రికలనుంచి ఏరి కూర్చినవే. వాటిని తిరగేస్తే ఒక సంగతి కళ్ళకు కడుతుంది. గ్లాడ్‌స్టన్ లాంటి మహామహుడు మాట్లాడితే తరచు 'నేను' అనే వుంటుంది. వెనక బెంచీలో చిన్న సభ్యుడు మాట్లాడితే 'ఆయన ఇట్లు చెప్పెను, తనకు సందేహము కలదనెను' అని నాలుగు పంక్తుల్లో సరి. పెద్దవాళ్ళకు డైరెక్టు, చిన్నవాళ్ళకు ఇన్‌డైరెక్టు! 1909లో సభవారే సొంతంగా విలేఖరుల్ని పెట్టుకుని సభ్యులందరి మాటల్నీ 'నేను'తోనే, దాదాపు ఉన్నదున్నట్టు అచ్చువెయ్యడం మొదలుపెట్టాక గాని యీ పంక్తిభేదం పోలేదు.

ఇంతకీ ఆడవాళ్ళెక్కడ? 1778 నుంచి కామన్స్ గాలరీలోకి వాళ్ళను రానివ్వలేదు. పట్టుదల గలవాళ్ళు సభాభవనం అటకెక్కి, దీపాల వేడి బయటికి పోవడానికి పెట్టిన గూటి చుట్టూ కూర్చుని, ఆ పొగలో తలలు దూర్చి విన్నారు. 1834లో ఆ భవనం కాలిపోయింది. తర్వాత కట్టినదాంట్లో ఆడవాళ్ళకొక గాలరీ ఇచ్చారు గాని, ముందు ఇనుప జాలీ బిగించారు. మన జనానా పరదాను చూసి ముక్కున వేలేసుకున్న దొరలే వీళ్ళు! 1908 అక్టోబరులో మ్యూరియల్ మాటర్స్, హెలెన్ ఫాక్స్ ఆ జాలీకి తమను గొలుసులతో బంధించుకుని ఓటుహక్కు కోసం కేకలు పెట్టారు. విడదీయడం చేతగాక జాలీతో సహా వూడదీసి బయటికి తీసుకుపోయారు. 1917లో ఆ జాలీలను పూర్తిగా తీసేశారు.

1919 డిసెంబరు 1న నాన్సీ ఆస్టర్ కామన్స్ సభలో కూర్చున్న మొదటి మహిళ అయింది. 1920 ఫిబ్రవరి 24న మద్యం అమ్మకాల మీద ఆంక్షల గురించి తొలి ఉపన్యాసం చేసింది. చుట్టూ వందలమంది మగవాళ్ళు, మధ్యలో ఆవిడ ఒక్కతీ. హాన్సార్డులో అది ఇప్పటికీ 'నేను' అనే వుంది. ఓ పన్నెండేళ్ళు ముందుగా వచ్చి వుంటే, 'ఆమె ఇట్లు అభిప్రాయపడెను' అని ఏ విలేఖరో నాలుగు పంక్తుల్లో తేల్చేసి వుండేవాడేమో.