పాసుపుస్తకం దాకా వచ్చిన సాయం

కూచిపూడి అనగానే నాట్యం గుర్తొస్తుంది. మొవ్వ మండలంలోని ఆ ఊరి చుట్టూ పరుచుకున్నది మాత్రం కృష్ణా తూర్పు డెల్టా మాగాణి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లు వరి మీద, పాడి మీద బతుకుతాయి. వరి డబ్బు పంట నూర్చాకే కళ్లబడుతుంది. పది పదిహేను రోజులకోసారి వచ్చే పాల డబ్బుతోనే ఇల్లు గడుస్తుంది. కరోనా కాలంలో ఈ రెండింటికీ ప్రభుత్వ సాయం ఒకే తీరున అందలేదు. కారణం తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

బ్రిటిష్ పాలనలో పంట పోతే రైతుకు దక్కిన ఊరట శిస్తు మినహాయింపు. అది శిస్తు కట్టే పట్టాదారుకే. 1884 వ్యవసాయదారుల రుణాల చట్టం కింద తక్కావీ అనే సర్కారు అప్పులిచ్చారు. వాటికీ హామీగా ఎక్కువగా చూపింది భూమినే. స్వాతంత్ర్యం తర్వాత 1990లో పది వేల రూపాయల దాకా, 2008లో మరోసారి కేంద్రం అప్పులు మాఫీ చేసింది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమూ కుటుంబానికి లక్షన్నర దాకా మాఫీ ప్రకటించింది. బ్యాంకు గడప ఎక్కగలిగినవారికే ఈ మేలు. వడ్డీకి తెచ్చి సాగుచేసే కౌలు రైతు అప్పు అలాగే మిగిలింది.

రైతుకు నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతి 2018 మేలో తెలంగాణ రైతుబంధుతో ఊపందుకుంది. 2019 ఫిబ్రవరిలో ఏటా 6,000 రూపాయల పీఎం కిసాన్, అక్టోబరులో దానితో కలిపి 13,500 ఇచ్చే వైఎస్సార్ రైతు భరోసా వచ్చాయి. పీఎం కిసాన్‌లో కౌలుదారుకు చోటు లేదు. రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటు కల్పించారు. అయితే 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పంద పత్రం మీద భూయజమాని సంతకం పెడితేనే కౌలుదారుకు సాగు హక్కు కార్డు దక్కేది. ఆ సంతకానికి జంకిన యజమానులే ఎక్కువ.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్‌లో పీఎం కిసాన్ 2,000, మే 15న రైతు భరోసా 5,500 ఖాతాల్లో పడ్డాయి. కష్టకాలంలో అవి ఆదుకున్నాయి. కానీ అవి ఏటా రావాల్సిన వాయిదాలే, నష్టానికి కట్టిన పరిహారం కావు.

పాడి సంగతి వేరు. టీ కొట్లు, హోటళ్లు, మిఠాయి దుకాణాలు మూతపడ్డాయి, పెళ్లిళ్లు ఆగిపోయాయి. పాలకు గిరాకీ పడిపోయినా గేదెకు పూటపూటా తవుడు, దాణా పెట్టాల్సిందే, పాలు పితకాల్సిందే. కేంద్రం జూన్, జూలైలలో పాల సంఘాల రైతులు కోటిన్నర మందికి కిసాన్ క్రెడిట్ కార్డులిచ్చే కార్యక్రమం చేపట్టింది. సహకార డెయిరీల నిర్వహణ రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చింది. రాష్ట్రం ఆగస్టులో వైఎస్సార్ చేయూత కింద 45 నుంచి 60 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు 18,750 ఇచ్చింది. దానికి బ్యాంకు అప్పు కలిపి పాడి పశువులు కొనుక్కునే వీలు కల్పించింది. ఇవన్నీ రేపటి పాడికి పెట్టుబడులు. ఆ వేసవిలో పోసిన పాలకు పోయిన ధరను మాత్రం ఇవేవీ పూడ్చలేదు.

అదే ఏడాది అమెరికా తన కరోనా సాయంలో జనవరి-మార్చి పాల దిగుబడిని లెక్కగట్టి డెయిరీ రైతులకు డబ్బు చెల్లించింది. మన పొరుగున కర్ణాటక ఎన్నో ఏళ్లుగా సహకార సంఘాలకు పాలు పోసేవారికి లీటరు చొప్పున ప్రోత్సాహకం ఇస్తోంది. అంటే పాల లెక్కన సాయం చేయడం అసాధ్యమేమీ కాదు.

అందుకు కావలసిన ఆధారం మన పాలకేంద్రంలోనే ఉంది. పాలు కొలుస్తారు, నమూనా తీసి వెన్న శాతం చూస్తారు, పేరు, లీటర్లు, ధర రాసి చీటీ ఇస్తారు. సొంత పొలమున్నా, కౌలు చేసినా, సెంటు భూమి లేకపోయినా పాలు పోసినవారి పేరు అక్కడి ఖాతాలో ఉంటుంది. శిస్తు మినహాయింపు రోజుల నుంచి సాయం భూమి కాగితం వెంటే నడిచింది. మరో ఉపద్రవం వచ్చేలోగా ఆ పాల ఖాతాకు కూడా పట్టాదారు పాసుపుస్తకంతో సమానమైన గుర్తింపు ఇవ్వాలి. గేదెను మేపి పాలు పితికే మనిషికి సాయం సూటిగా చేరే దారి అదే.