చుక్క సత్తయ్య ఒగ్గు కథ: పట్నం ముగ్గు నుంచి విశ్వవిద్యాలయ తరగతికి

తెలుగు నాటక చరిత్ర రచనలో ఒక విభజన చాలాకాలంగా స్థిరపడి ఉంది. 1860 ప్రాంతంలో కోరాడ రామచంద్రశాస్త్రి రచించిన ‘మంజరీ మధుకరీయం’తో ఆధునిక నాటక చరిత్ర ఆరంభమవుతుంది. యక్షగానం, వీథి నాటకం దానికి పూర్వరూపాలుగా మొదటి అధ్యాయంలో కనిపించి తప్పుకుంటాయి. ఒగ్గు కథ, శారద కథ, చిందు భాగవతం వంటివి ‘జానపద కళారూపాలు’ అనే వేరొక గ్రంథంలోకి వెళతాయి. ఈ విభజన పరిశోధకుల సౌకర్యం కోసం ఏర్పడినదే గాని ప్రదర్శనల స్వభావం నుంచి పుట్టినది కాదు. ఒక కథకుడు ఒకే రాత్రిలో రాజుగా, రాణిగా, గొర్రెల కాపరిగా, దేవుడిగా మారి, వందలమంది ఎదుట సంభాషణ నడిపితే దానిని నాటకమని అనకపోవడానికి తగిన కారణం చూపడం కష్టం. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య (1935–2017) జీవితాన్ని పరిశీలిస్తే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఆయన కురుమల కొలుపులకు చెందిన కథను రంగస్థలం మీదికి, అక్కడి నుంచి తెలుగు విశ్వవిద్యాలయ తరగతిలోకి తీసుకొనిపోయారు. ఈ రెండు లోకాల నడుమ ఆయన వేసిన వంతెన ఎంత బరువు మోయగలిగింది, ఏది దాటింది, ఏది ఇవతలి గట్టునే నిలిచిపోయింది అన్నవి ఇక్కడ పరిశీలించదగిన అంశాలు.

ముందుగా కథకు పుట్టిల్లయిన కొలుపును చూడాలి. ఒగ్గు అంటే శివుని డమరుకం. జగ్గు అని కూడా వ్యవహరిస్తారు. దానిని పట్టుకొని మల్లన్న, బీరప్ప కథలు చెప్పే పూజారులు ఒగ్గువారు. వీరు ప్రధానంగా కురుమ, గొల్ల కులాలవారు. పూజ, ముగ్గు, కథ అనే మూడూ ఒకే వ్యక్తి చేతిలో ఉండడం ఈ సంప్రదాయంలోని విశేషం. పసుపు, కుంకుమ, బియ్యపు పిండి, ఆకుపచ్చ పొడులతో నేల మీద కోటలాగా గీసే ముగ్గును ‘పట్నం’ అంటారు. దేవుని కల్యాణం ఆ పట్నం మీదే జరుగుతుంది. చివరికి దానిని తొక్కి చెరిపేస్తారు. కొమురవెల్లిలో మహాశివరాత్రి నాడు వేసే పెద్దపట్నం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కథ కూడా ఈ ముగ్గు వంటిదే. చెప్పినంతసేపు ఉంటుంది, తెల్లవారితే ఉండదు. మరుసటి ఏడు మరొక ఇంటి ముంగిట అది మళ్ళీ పుడుతుంది. పాఠం స్థిరంగా ఉండాలన్న భావన ఈ కళకు సహజమైనది కాదు.

మల్లన్న కథలోనే రెండు సంస్కృతుల కలయిక ఉంది. మల్లన్న ఇరుపక్కల నిలిచే దేవేరులలో మేడలమ్మ బలిజ ఇంటి ఆడపడుచు. కేతమ్మ గొల్ల ఇంటి ఆడపడుచు. ఒకరిది వ్యాపారం, కట్టుబాటు, ఊరు. మరొకరిది మంద, అడవి, బయలు. ఇదే అల్లిక మహారాష్ట్రలోని ఖండోబా గాథల్లోనూ కనిపిస్తుంది. అక్కడ మ్హాళ్సా లింగాయతు వర్తకుల బిడ్డ, బాణాయి ధనగరుల బిడ్డ. కర్ణాటకలో ఈ దైవం మైలారుడు. ఖండోబా సంప్రదాయాన్ని లోతుగా పరిశోధించిన జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ దక్కనులోని పశుపాలక, వ్యావసాయిక సమాజాల సంబంధాలను ఈ దైవాల పెళ్ళిళ్ళలో గుర్తించారు. ఆ దృష్టితో చూస్తే ఒగ్గు కథలోని సవతుల తగవును కేవలం హాస్యఘట్టంగా తీసివేయలేము. రెండు జీవన విధానాలు ఒక ఇంట్లో సర్దుకోవడానికి పడే పెనుగులాట అది. శ్రోతలు నవ్వుతూనే తమ ఊరి అంగడిని, తమ ఊరి మందను అందులో గుర్తుపడతారు.

ఈ దైవానికి తెలుగు సాహిత్యంలో పాత సాక్ష్యం ఉంది. వినుకొండ వల్లభరాయని పేరు మీద ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లు వీథుల్లో తిరుగుతూ మైలారు వీరభటుల సాహస కృత్యాలను చూస్తారు. నిప్పుల గుండాలు తొక్కే ఆ భక్తులకూ నేటి కొమురవెల్లి అగ్నిగుండాలకూ నడుమ ఉన్న బంధుత్వాన్ని వేరుగా నిరూపించనక్కరలేదు. పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, జక్కుల పురంధ్రి కూడా ఆ వీథుల్లోనే తారసపడతారు. గమనించదగిన విషయం మరొకటి ఉంది. ‘క్రీడాభిరామం’ స్వయంగా ‘వీథి’ అనే రూపక భేదానికి చెందిన రచన. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామా’నికి తెలుగు రూపం. అంటే తెలుగులో నిలిచిన అతి ప్రాచీన రూపకం వీథిలోని ప్రదర్శకులను తన ఇతివృత్తంలో భాగం చేసుకొంది. వారిని నాటకం వెలుపల ఉంచినది తరువాతి కాలపు చరిత్రకారులే.

జనగామ ప్రాంతానికి ఇలా రెండు లోకాలను కలిపే పని కొత్త కాదు. పాలకుర్తి సోమనాథుడు కన్నడ శరణుల గాథలను ద్విపదలో తెలుగువారికి అందించాడు. ఆయన బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తిరిగి తీసుకొనిపోయాడు. ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైల యాత్ర సందర్భంగా సోమనాథుడు ఇచ్చిన ఆటపాటల వర్ణన నేటికీ ప్రదర్శన కళల చరిత్రకు తొలి ఆధారాలలో ఒకటి. పండితులు తక్కువగా చూసిన ద్విపదను ఏరికోరి ఎంచుకొన్న కవి ఊరూ, పండితులు నాటకంగా లెక్కించని కథను ఎంచుకొన్న కళాకారుని ఊరూ నేడు ఒకే జిల్లాలో ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు విడివడ్డాయి గనుక సత్తయ్య తన జీవితంలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లావాసిగానే గడిపారు. ఆ పాత జిల్లా హద్దులే ఈ కళను అర్థం చేసుకోవడానికి మరింత అనుకూలం. జనగామ మెట్ట పొలాలు, మానుకోట తండాలు, కురవి వీరభద్రుని జాతర, భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీలు కలిసిన ఆ నేలలో ఏ ప్రేక్షక సమూహమూ ఒకే కులంతోనో ఒకే భాషతోనో కూడినది కాదు. గంగారం, కొత్తగూడ ప్రాంతాలు దాటి ములుగు అడవుల్లోకి పోతే అక్కడ కోయ డోలివారు పడిగె పట్టి సమ్మక్క కథ చెబుతారు. కురుమకు ఒగ్గు, కోయకు డోలి, గౌడులకు ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారు, బవనీలు: ప్రతి సమూహానికీ తన కథ, తన కథకుడు. ఇంతగా కులబద్ధమైన వ్యవస్థలో ఒక కథకుడు అందరికీ కథ చెప్పడానికి పూనుకోవడం చిన్న మార్పు కాదు.

సత్తయ్య సాధించినది ఈ మార్పే. కొలుపుకు వెలుపల, పట్నం ముగ్గు లేని వేదిక మీద, ఆ దైవంతో సంబంధం లేని ప్రేక్షకుల ముందు ఆయన ఒగ్గు కథను నిలబెట్టారు. బీరప్ప, మల్లన్న కథలతో పాటు సామాజిక సమస్యలను, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాల ఇతివృత్తాలను కూడా అదే బాణీలో చెప్పారు. పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని ప్రసిద్ధి. యాభై ఐదేళ్ళ కళాజీవితానికి పంచితే ఏడాదికి రెండు వందలు దాటుతాయి; కథకుని ఇంటి కంటే పరాయి ఊళ్ళే ఎక్కువ రాత్రులు చూశాయన్న మాట. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయనకు లభించింది. ఆ సంస్థ పేరులోనే ‘నాటక’ శబ్దం ఉండగా మన నాటక చరిత్రలు ఆయనకు చోటివ్వకపోవడం విచిత్రమే. ఆయన సమకాలికుడైన హన్మాజీపేట మిద్దె రాములు ఎల్లమ్మ కథతో ఇంతటి కీర్తినే పొందారు. ఇద్దరి కృషి వల్లనే ఒగ్గు కథ తెలంగాణ దాటి వినిపించింది.

ప్రచార ఇతివృత్తాల విషయంలో విమర్శకులు ఒక అభ్యంతరం చెబుతారు. దేవుని కథకు కట్టిన బాణీలో పథకాల గురించి చెప్పడం కళను వాడుకోవడమేనని దాని సారాంశం. ఇందులో కొంత సత్యం ఉంది. ప్రచార కథకు ముగింపు ముందే నిర్ణయమై ఉంటుంది. మేడలమ్మ, కేతమ్మల తగవులో ఉన్న ఉభయపక్ష న్యాయం అక్కడ ఉండదు. అయితే ఒగ్గు కథకుడు ఏనాడూ కేవలం పూజారి కాడు. కథ మధ్యలో ఊరి సంగతులు, దాతల పేర్లు, ఆనాటి ధరవరలు చొప్పించడం సంప్రదాయంలో మొదటి నుంచీ ఉన్నదే. సత్తయ్య ఆ వెసులుబాటును విస్తరించారని చెప్పడమే సమంజసం.

ప్రపంచ రంగస్థలంలో దీనికి పోల్చదగిన సన్నివేశం ఒకటి ఉంది. అమెరికాలో లూయిస్ వాల్డెజ్ 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీల సమ్మెలో ‘ఎల్ తియాత్రో కాంపెసినో’ను స్థాపించారు. లారీల మీదే వేదిక, కూలీలే నటులు, మెడలో వేలాడే అట్ట మీద పాత్ర పేరు. స్పానిష్, ఇంగ్లీషు భాషలు ఒకే వాక్యంలో కలిసిపోయేవి. 1979లో ఆయన ‘జూట్ సూట్’ బ్రాడ్వేకు చేరింది. తరువాత ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యారు. పొలం నుంచి పెద్ద వేదికకు, అక్కడి నుంచి తరగతికి అనే క్రమం ఇద్దరిలోనూ ఒకటే. భేదం కూడా అంతే ముఖ్యమైనది. వాల్డెజ్ నాటకకర్తగా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టారు. ఆయన చేతిలో లిఖిత పాఠం ఉంది. సత్తయ్యతో వచ్చినది గొంతు, డోలు, తాళం, జ్ఞాపకం. వాల్డెజ్ కలిపినవి రెండు వేర్వేరు భాషలు. సత్తయ్య దాటవలసిన హద్దు తెలుగులోపలే ఉంది: గ్రంథాలయంలోని తెలుగుకూ మాణిక్యాపురం తెలుగుకూ నడుమ. ఈ రెండో హద్దు చిన్నదని అనుకోవడానికి వీలులేదు. రాజు మాటల్లో పద్యనాటకపు ఛాయ, వంతగాని మాటల్లో ఊరి నుడికారం పక్కపక్కనే నడిపించే ఒగ్గు కథకుడు నిజానికి రెండు భాషలలో ఆరితేరినవాడే.

తెలుగు విశ్వవిద్యాలయంలో అతిథి అధ్యాపకునిగా ఒగ్గు కథ నేర్పినప్పుడు ఆ కళకు ఎదురైన ప్రశ్నలు మూడు. మొదటిది కాలం. కొన్ని రాత్రులు సాగే కథను గంటల తరగతిలో ఇమిడ్చాలి. రెండోది అర్హత. కొలుపులో ఒగ్గు పట్టాలంటే ఆ కులంలో పుట్టి, దైవం ముందు దీక్ష పొందాలి. తరగతిలో ప్రవేశ దరఖాస్తు చాలు. కులం కాపాడిన విద్య కులం దాటితే దాని పవిత్రత పోతుందని ఒక వాదం, దాటకపోతే అది కులంతో పాటే కుంచించుకుపోతుందని మరొక వాదం. రెండో వాదమే బలమైనది. అయితే నష్టమేమీ లేదని దాని అర్థం కాదు. పట్నం గీయడం, బండారి పట్టడం, పూజ నడపడం తెలియకుండా కథ మాత్రమే నేర్చినవాడు మంచి నటుడు కాగలడు గాని, ఇంటి పెద్ద తన బిడ్డ పేరున మొక్కు చెల్లించడానికి పిలిచే మనిషి కాలేడు.

మూడోది అన్నిటికంటే చిక్కైనది, మన పరిశోధనల్లో అతి తక్కువగా చర్చకు వచ్చినది: వంతగాని సమస్య. ఒగ్గు కథ ఒక్కరి కళ కాదు. ప్రధాన కథకుడు ఒక మాట విడిస్తే వంతగాడు దానిని అందుకొని ప్రశ్నగానో, ఎగతాళిగానో, పాట ముక్కగానో తిప్పి వేస్తాడు. ఏళ్ళ తరబడి ఒకే బృందంలో తిరిగిన ఇద్దరి మధ్య మాత్రమే ఆ ఎదురుకోలు కుదురుతుంది. డోలు దెబ్బ ఎక్కడ ఆగాలో, హాస్యం ఎంతవరకు సాగాలో వారికి కంటిచూపుతో తెలుస్తుంది. విశ్వవిద్యాలయం ధ్రువపత్రం ఇచ్చేది వ్యక్తికి. ఒగ్గు కథ బతికేది జంటలో, బృందంలో. పురస్కారాలదీ ఇదే పద్ధతి. ఫలకం మీద చెక్కినది ఒక్క పేరే, వెనుక నిలబడి తాళం వేసి ప్రతి పాదానికీ వంత పాడినవారి పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. తంగిరాల వెంకట సుబ్బారావు కాటమరాజు కథలను సేకరించి గ్రంథస్థం చేసినట్లు ఒగ్గు కథలకూ సమగ్ర సేకరణ జరగవలసి ఉంది. అది జరిగే రోజున కథకుని వాక్కును మాత్రమే కాక వంతగాని అడ్డుమాటలను, ప్రేక్షకుల కేకలను, డోలు మార్పులను కూడా పాఠంలో భాగంగానే ఎత్తి రాయాలి. లేకపోతే అచ్చయ్యేది సగం కథే. సత్తయ్య 2017 నవంబర్ 9న మరణించారు. ఆయన పక్కన వంత పాడినవారిని, వారి దగ్గర నేర్చినవారిని వెదికి వినవలసిన పని మాణిక్యాపురం పరిసరాల్లోనే మొదలు కావాలి.