ధర్మరాజు పాచికల నుంచి ఫోన్ బెట్టింగ్ దాకా: ఓడినోడు ఎందుకు ఆపలేడు?

ఐపీఎల్ సీజన్ వస్తే మన ఉదయగిరిలో అయినా, ఆత్మకూరులో అయినా టీ బంకు దగ్గర "స్కోరెంత?" తర్వాత వినబడే మాట "రేటెంత?" 2017లో మన నెల్లూరు జిల్లాలో క్రికెట్ బెట్టింగ్ మీద పోలీసులు పెద్ద ఎత్తున పడ్డారు, రాష్ట్రమంతా మాట్లాడుకుంది. అయినా ఆగలేదు. ఎందుకు? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

పందెం మనకు కొత్త కాదు. పల్నాటి కథలో కోడిపందెం ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవాల్సొచ్చింది. భారతంలో ధర్మరాజును చూడండి. మొదటి పందెంలోనే ద్రౌపదిని పెట్టలేదు. ముందు ధనం, తర్వాత రాజ్యం, తమ్ముళ్లు, తనే, ఆఖరికి ద్రౌపది. ఇంకో విషయం, ధృతరాష్ట్రుడు పోయిందంతా తిరిగిచ్చేశాడు. అయినా పిలవగానే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు! తెలివి లేక కాదు కదా.

1979లో కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీన్ని సిద్ధాంతంగా రాశారు. వెయ్యి వస్తే కలిగే ఆనందం కంటే వెయ్యి పోతే కలిగే బాధ ఎక్కువ. ఆ బాధలో ఉన్న మనిషి, మామూలప్పుడు చెయ్యని రిస్క్ చేస్తాడు. "పోయింది రాబట్టి ఆపేస్తా" అనే మాట అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో భ్రమ ఉంది. 1913లో మాంటెకార్లో క్యాసినోలో చక్రం వరసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. "ఇన్నిసార్లు నలుపొచ్చింది, ఇక ఎరుపే" అని జనం డబ్బు కుమ్మరించి పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు బ్రో!

ఇప్పుడు ఇంజనీర్‌గా ఒక మాట. సంక్రాంతి కోడిపందెం ఏడాదికోసారి. టీ20లో 240 బంతులు, ప్రతి బంతికీ పందెం కట్టొచ్చు. యూపీఐతో సెకన్లలో డబ్బు పోతుంది. కోపం రావడానికీ డబ్బు కట్టడానికీ మధ్య ఆలోచించుకునే టైమే లేకుండా చేశారు.

లెక్క కూడా చూడండి. టాస్ మీద 100 కడితే గెలిచినోడికి 190 ఇస్తారనుకుందాం. ఇద్దరు చెరో వైపు కడితే 200 వచ్చింది, 190 పోయింది. ఎవరు గెలిచినా 10 నిర్వాహకుడికే. ఇది 240 సార్లు జరిగితే?

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1930లో మద్రాసు గేమింగ్ చట్టం, 1974లో ఆంధ్రప్రదేశ్ చట్టం. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటల్ని కూడా చేర్చారు. 2025 ఆగస్టులో కేంద్రం, డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ గేములన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. కానీ ఒక లింకు మూస్తే ఇంకోటి పుడుతుంది. ఆ లింకు నొక్కే వేలు మాత్రం మనదే.

మన ఉదయగిరి కోటనే తీసుకోండి. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గానీ పట్టుకోలేకపోయాడు. అంత పెద్ద రాజు కూడా ఒక్క రోజులో తేల్చెయ్యాలని దూకలేదు. మీరూ ఓడిన రాత్రి ఇంకో పందెం కట్టకండి, తెల్లారనివ్వండి. యూపీఐ లిమిట్ తగ్గించండి. అప్పు చేసుంటే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, తిట్టినా పర్లేదు. ఎవరికీ చెప్పుకోలేకపోతే 14416కి, అంటే టెలి మానస్‌కి కాల్ చెయ్యండి. ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా "ఈ ఒక్క మ్యాచ్ మామా" అంటుంటే ఈ వీడియో పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.