ఏటికి అటూ ఇటూ రెండు చట్టాలు



సరిహద్దులో పుట్టి పెరిగిన మనకు గీత దాటడం పెద్ద విశేషం కాదు. మా పర్లాకిమిడిలో ఒడియాలో బేరమాడి, మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్ళి తెలుగులో బేరమాడతాం. ఒక రోజు ఎనిమిదో తరగతిలో పౌరశాస్త్రం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, ఇక్కడ దొంగతనం చేసి ఏరు దాటేస్తే పోలీసులు రారా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. వస్తారనే చెప్పాను. రాష్ట్రాలు రెండైనా దేశం ఒకటి, శిక్షాస్మృతి ఒకటి. 1862 నుంచి అమల్లో ఉన్న ఇండియన్ పీనల్ కోడ్ పోయి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, అదీ ఏటికి రెండు వైపులా ఒక్కటే.

కానీ ఆ కుర్రాడి ప్రశ్నకు "రారు" అని జవాబు చెప్పాల్సిన చోటు ఒకటి మన తెలుగునేల మీదే ఉండేది. అక్కడ ఏరు దాటితే జిల్లా కాదు, దేశమే మారిపోయేది. ఆ ఊరు యానాం. ఇవాళ మీతో చెప్పదలచుకున్నది దాని సంగతే.

గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట, మొత్తం కలిపి 30 చదరపు కిలోమీటర్ల ముక్క యానాం. 1723లో ఫ్రెంచి వారు, మన పెద్దల మాటలో పరాసులు, అక్కడ మొదటిసారి వర్తకశాల పెట్టారు. కూతవేటు దూరంలో ఇంజరంలో ఇంగ్లీషు వారి వర్తకశాల. ఐరోపాలో ఈ రెండు దేశాలకూ యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం చేతులు మారేది. చివరికి 1814 పారిస్ ఒడంబడికతో ఇంగ్లీషు వారు దాన్ని తిరిగి ఇచ్చేశారు. ఒక షరతు పెట్టారు: కోటలు కట్టకూడదు, పోలీసు పనికి సరిపడా సిపాయిలను మించి సైన్యం ఉంచకూడదు. ఆ తరువాత 1954 వరకూ చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో పారిస్ నుంచి చట్టం వచ్చే ఈ ఊరు. రెండు వైపులా ఒకటే భాష, ఒకటే బంధువర్గం. తప్పు చేస్తే పడే శిక్ష మాత్రం వేరు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఫ్రెంచి వారిది 1810 నాటి నెపోలియన్ శిక్షాస్మృతి. ఇంగ్లీషు వారు మనకిచ్చింది 1860 నాటి పీనల్ కోడ్. హత్య సంగతే తీసుకోండి. ముందే ఆలోచించి కాచుకుని చంపితే ఫ్రెంచి చట్టంలో మరణశిక్ష. అప్పటికప్పుడు కోపంలో చంపితే సాధారణంగా యావజ్జీవ కఠిన శిక్ష. 1832 నుంచి నేరస్థుడి పరిస్థితులు చూసి శిక్ష తగ్గించే వెసులుబాటు కూడా వచ్చింది. ఇంగ్లీషు చట్టంలో హత్య రుజువైతే మరణశిక్ష, లేదా ద్వీపాంతరవాసం. అయితే మనవైపు జడ్జి ఉరి వేయకుండా ద్వీపాంతరం వేస్తే ఎందుకు వేయలేదో కారణం రాయాలి. ఉరి వేయడానికి కాదు, వేయకపోవడానికి సంజాయిషీ! ఆ నియమం 1955 దాకా ఉంది. 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాన్ని తిరగేసి, ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలంది. ఫ్రాన్సు 1981లో మరణశిక్షనే ఎత్తేసింది.

ద్వీపాంతరం అంటే మనవారికి అండమాన్. ఫ్రెంచి వారికి దక్షిణ అమెరికాలోని గయానా. ఏది మేలని అడగకండి, రెండు చోట్ల నుంచీ తిరిగి రాని వారు చాలామంది.

ఇక చిన్న నేరాలు. సామాన్యుడికి తగిలేది ఇవే. ఇంగ్లీషు ఇండియాలో 1864లో కొరడా దెబ్బల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1955 వరకూ ఆ శిక్ష బతికే ఉంది. అంతకన్నా ముందు, 1816లో మద్రాసు ప్రభుత్వం చేసిన రెగ్యులేషన్ ప్రకారం గ్రామాధికారి చిల్లర తగాదాల్లో మనిషిని కాసేపు నిర్బంధించవచ్చు. ఆ మనిషి "తక్కువ" కులం వాడైతే బొండకొయ్యలో కాళ్ళు బిగించి ఆరు గంటల వరకూ కూర్చోబెట్టవచ్చు. తప్పు ఒకటే, పెద్ద కులం వాడికి ఆ అవమానం లేదు. కులాన్ని బట్టి శిక్ష మన ధర్మశాస్త్రాల్లోనే ఉందనుకుంటాం. ఇంగ్లీషు అచ్చులో కూడా ఉంది.

1810 నాటి ఫ్రెంచి స్మృతిలోని శిక్షల్లో కొరడా లేదు. అలాగని అది వెన్నముద్ద అనుకోకండి. ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం, తల్లినో తండ్రినో చంపిన వాడికి తలకన్నా ముందు చెయ్యి నరకడం 1832 దాకా అందులోనూ ఉన్నాయి.

మనవైపు మరో చట్టం ఉండేది. చేసిన పనికి కాక పుట్టుకకే శిక్ష వేసేది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఎరుకల వారి వంటి కులాలను ఆ జాబితాలో రాశారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టించారు. హాజరు పట్టీలో పేరు పలికితే పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో చట్టం రద్దయింది. ఆ ఊరి పేరు చెబితే నేటికీ కొందరు జేబు తడుముకుంటారు. ఇది చట్టం చేసిన గాయం, చట్టం పోయినా మానలేదు.

సరే, నేరం చేసి గీత దాటితే? దొంగలకూ బాకీదార్లకూ యానాం స్వర్గమని మనం అనుకునేంత సుఖం ఏమీ లేదు. 1815 మార్చి 7న రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందం ఎక్కువగా ఉప్పు గురించి, నల్లమందు గురించి. అందులోనే, నేరం చేసో బాకీ పడో ఒకరి హద్దు నుంచి ఇంకొకరి హద్దులోకి పారిపోయిన వారిని అడిగితే అప్పగించాలనే షరతు కూడా ఉంది. రాజకీయ నిందితుల సంగతి వేరు. సుబ్రహ్మణ్య భారతి 1908లో, అరవిందులు 1910లో పుదుచ్చేరి చేరుకున్నారు. ఇంగ్లీషు వారు చుట్టూ వేగులను పెట్టారు గానీ లోపలికొచ్చి పట్టుకోలేకపోయారు. 1918 నవంబరులో భారతి హద్దు దాటి కడలూరు వైపు అడుగుపెట్టగానే అరెస్టు చేశారు.

ఇంతవరకూ చెప్పింది పుస్తకాల్లో దొరికేదే. ఇక చెప్పబోయేది మా ఇంట్లోది.

మా అమ్మ పుట్టిల్లు కోనసీమలో ముమ్మిడివరం దగ్గర. ఎండాకాలం సెలవులకు వెళితే అమ్మమ్మతో పాటు ఆవిడ అక్కగారు కూడా ఆ ఇంట్లోనే ఉండేవారు. మేము పెద్దమ్మమ్మ అనేవాళ్ళం. గుండు చేసిన తల మీద ముతక చీర కొంగు. ఆవిడ వడ్డించేది గానీ మాతో కూర్చుని తినేది కాదు. "పెద్దమ్మమ్మా, నీ పెళ్ళెక్కడ జరిగింది?" అని ఒకసారి అడిగాను. "యానాంలోరా, పరాసుల రాజ్యంలో" అని నవ్వింది.

1932లో ఆవిడకు తొమ్మిదేళ్ళు. ఎదుర్లంక రేవులో రెండు పడవలు ఎక్కారట. పెళ్ళివారు, బ్రాహ్మడు, వంటవాళ్ళు, పీటలతో సహా. ఇవతలి ఒడ్డున బాజా మోగించవద్దని తాతగారు గట్టిగా చెప్పారట. పడవ అవతలి ఒడ్డు తాకాక సన్నాయి ఎత్తారు. రేవులో ఎర్రటోపీ పెట్టుకున్న సిపాయి నిలబడి చూస్తూ ఉంటే భయమేసి ఏడ్చానని చెప్పింది. ఆ సిపాయి ఏమీ అనలేదట. అనడానికి అతని చట్టంలో ఏమీ లేదు.

ఇవతలి ఒడ్డున ఎందుకు చేయలేదో మీకీపాటికి తెలిసే ఉంటుంది. శారదా చట్టం. అజ్మీరుకు చెందిన హరవిలాస్ శారదా ప్రతిపాదించగా 1929లో కేంద్ర శాసనసభ ఆమోదించింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండాలి. ఈలోపే తొందరపడి ముడులు వేసేయడంతో 1931 జనాభా లెక్కల్లో బాలవధువుల సంఖ్య అమాంతం పెరిగింది. గడువు దాటిపోయిన గోదావరి జిల్లాల వారికి యానాం కనబడింది. ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయంటే ఆ ఊరికి కల్యాణపురం అని పేరే పడింది.

ఇంతా చేసి ఆ చట్టం వేసే శిక్ష ఎంత? చిన్నపిల్లను చేసుకున్న పెద్దవాడికి గానీ, చేయించిన తండ్రికి గానీ, పురోహితుడికి గానీ నెల రోజుల వరకూ సాధారణ ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఆడవారికి ఖైదు లేదు. పోలీసులు తమంతట తాము పట్టుకోవడానికి వీలు లేదు. ఎవరో ఒకరు కోర్టుకు వెళ్ళి ఫిర్యాదు చేయాలి, అదీ ఏడాది లోపల. చేసినవాడే వంద రూపాయల వరకూ పూచీకత్తు రాసివ్వాలి. ఊళ్ళో ఎవడు ముందుకొస్తాడు? అయినా నెల రోజుల ఖైదుకు పరువుగల కుటుంబాలు హడలిపోయాయి. పడవ కూలి దానికన్నా చవక.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. హత్య వంటి నేరాన్ని ఇంగ్లీషు ప్రజ యానాంలో చేసి వచ్చినా పీనల్ కోడ్ నాలుగో సెక్షన్ కింద ఇక్కడే విచారించవచ్చు. శారదా చట్టం మాత్రం బ్రిటిష్ ఇండియా ఎల్లల దగ్గర ఆగిపోయింది. సంస్థానాల్లోకి, పరాయి హద్దుల్లోకి పెళ్ళిళ్ళు తరలిపోతున్నాయని గ్రహించి 1938లో సవరించారు. ఇండియా వాసులైన బ్రిటిష్ ప్రజలు ఎక్కడున్నా వర్తిస్తుందన్నారు. అలా కాగితం మీద చిల్లు కుట్టారు. కానీ ఫిర్యాది రావాలనే షరతు ఉండనే ఉంది.

నన్ను ఎక్కువగా బాధించే సంగతి ఇది కాదు. ఫ్రాన్సు దేశపు సొంత చట్టం ఏమంటుందో చూడండి. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ ప్రకారం పెళ్ళికి ఆడపిల్లకు 15 నిండాలి, మగవాడికి 18. శారదా గారికి 125 ఏళ్ళ ముందు, శారదా చట్టం అడిగిన దానికన్నా ఒక ఏడు ఎక్కువ! మరి అదే కోడ్ 1819లో ఫ్రెంచి ఇండియాకు వచ్చింది కదా? వచ్చింది. కానీ ఆ ఏడు జనవరి 6న చేసిన ఉత్తర్వులోనే, ఇక్కడి హిందువులకూ ముస్లిములకూ క్రైస్తవులకూ వారి వారి ఆచారాల ప్రకారమే న్యాయం జరుగుతుందని రాశారు. మన ఆచారాన్ని గౌరవించారని అప్పటి పెద్దలు మెచ్చుకున్నారు. పారిస్‌లో తొమ్మిదేళ్ళ పిల్లకు దొరికే రక్షణ యానాంలో తొమ్మిదేళ్ళ పిల్లకు దొరకలేదు. ఒకే జెండా, ఒకే కోడ్.

రక్షణ అనే మాట తెలిసే వాడుతున్నాను. 1890లో కలకత్తాలో పదీ పదకొండేళ్ళ భార్య భర్త చేతిలో కాపురం పేరిట చనిపోతే కోర్టు అతనికి వేసింది ఏడాది శిక్ష. పెళ్ళాం వయసు పదేళ్ళు దాటితే చాలన్నది అప్పటి పీనల్ కోడ్. ఆ కేసు తరువాతనే 1891లో దాన్ని పన్నెండు చేశారు. మన గురజాడ వారు కన్యాశుల్కం పీఠికలో రాసిన లెక్క గుర్తుందా? విశాఖ జిల్లాలో మూడేళ్ళలో నమోదైన 1034 కన్యాశుల్కం పెళ్ళిళ్ళలో ముగ్గురు పిల్లల వయసు ఒక్క ఏడాది. ఆ లెక్క చదివిన రోజున నేను పాఠం మధ్యలో ఆపేశాను.

పెద్దమ్మమ్మ పెళ్ళయిన నాలుగో ఏట, కాపురానికి వెళ్ళకముందే, పెళ్ళికొడుకు విషజ్వరంతో పోయాడు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించి అప్పటికి 54 ఏళ్ళు దాటింది. ఆ పెళ్ళి వార్త గోదావరి దాటి మా వాళ్ళ గడప తొక్కలేదు. పదమూడేళ్ళ పిల్లకు గుండు చేయించారు. దీనికి ఇంగ్లీషు చట్టంలో శిక్ష లేదు, ఫ్రెంచి చట్టంలోనూ లేదు.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో స్వచ్ఛంద దళం యానాంలోకి ప్రవేశించింది. ఆ ఏడు నవంబరు 1న ఫ్రెంచి ప్రాంతాల పాలన భారత ప్రభుత్వానికి అందింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న. జెండా మారినంత వేగంగా శిక్షాస్మృతి మారలేదు. పీనల్ కోడ్ అక్కడికి వచ్చింది 1963 అక్టోబరు 1న. అంటే దాదాపు తొమ్మిదేళ్ళ పాటు త్రివర్ణ పతాకం కింద నెపోలియన్ స్మృతి నడిచింది.

గీత దాటే అలవాటు మాత్రం పోలేదు. 1995 జనవరిలో ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. యానాం కేంద్రపాలిత ప్రాంతం కనుక నిషేధం దానికి లేదు. 1997లో నిషేధం సడలించే వరకూ పాత కల్యాణపురం దారి మళ్ళీ రద్దీ అయింది.

ఇంకొక్క సంగతి. ఫ్రెంచి వారు 1881లో ఒక డిక్రీ ఇచ్చారు. కుల, మత ఆచారాలను వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వస్తామని రాసిచ్చిన వారిని రెనొన్సాంట్లు అంటారు. మన దేశంలో 2006లో కొత్త బాల్యవివాహ నిషేధ చట్టం చేసినప్పుడు, పుదుచ్చేరి రెనొన్సాంట్లకు ఇది వర్తించదని మొదటి సెక్షన్‌లోనే రాశారు. 1804 నాటి కోడ్ నీడ అక్కడి దాకా వచ్చింది.

పెద్దమ్మమ్మ 1995లో పోయింది. పోయినేడు మా పిల్లలను తీసుకుని యానాం వెళ్ళినప్పుడు, ఎదుర్లంక వంతెన మీద కారు ఆపించి పాత రేవు ఎక్కడుండేదని ఒక చేపలాయనను అడిగాను. చెయ్యి చాపి చూపించాడు. మీ ఇళ్ళల్లో కూడా యానాం పెళ్ళి చేసుకున్న ముత్తవ్వలు ఉండే ఉంటారు. వారి పేరు, పెళ్ళినాటి వయసు, ఏ రేవులో పడవ ఎక్కారో తెలిసినవారు ఒక కార్డు ముక్క మీద రాసి రేడియో కేంద్రానికి పంపండి. మా క్లాసు పిల్లలు పటం మీద గుర్తులు పెడుతున్నారు. ఇప్పటికి పదకొండు రేవులయ్యాయి.