పూత వేసిన చేయి

మిలాన్ నగరంలో క్రిస్మస్‌కు చేసే పనెత్తోనే అనే తీపి రొట్టెను పండుగనాడే ముగించరు. ఒక ముక్క దాచి, ఫిబ్రవరి 3న సెయింట్ బ్లేజ్ పండుగనాటి ఉదయం తినడం అక్కడి ఆచారం. మిగిలిన ముక్కలను గుడ్డు కలిపిన పాలలో ముంచి వేయించుకునేవారూ ఉన్నారు. ఎండినదానికి తడి తగిలించి మళ్ళీ పండుగ చేసుకోవడమన్నమాట. మన గోదావరి సీమలో ఆ పని పూతరేకుది.

పూత పూయగా వచ్చిన రేకు గనుక పూతరేకు. నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి పలుచన చేస్తారు. ఈ పనికే చేసిన కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పిండిలో తడిపిన గుడ్డను కుండమీద ఒక్కసారి లాగితే క్షణంలో పొర లేస్తుంది. దానికి తీపి లేదు; పొడిగా ఉన్నంతకాలం నిలవ ఉంటుంది. తడిగుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, బెల్లమో పంచదారో చల్లి మడిచినప్పుడే అది పండుగ వంటకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట వరి విస్తరించిన డెల్టాలోనిదే ఆత్రేయపురం. రేకు నిలవ ఉంటుంది గనుకనే అక్కడ పని రెండు చోట్ల సాగగలుగుతోంది: రేకులు తీసే స్త్రీలు ఇంటి పొయ్యి దగ్గర, చుట్టి అమ్మేవారు అంగడిలో. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఊరి పేరును నకిలీలనుండి కాపాడుతుంది. మంటముందు కూర్చున్న చేతికి దక్కే కూలిని మాత్రం నిర్ణయించదు. నేతి కమ్మదనాన్ని మెచ్చుకునే ముందు, ఆ చప్పని పొరను తీసిన చేయిని తలచుకోవడం న్యాయం.