చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? పార్టు మార్చేముందు కోడ్ అడగండి

డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగిందంటే, కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, ఏదో తేడా గమనించి కోడ్ రాసిపెట్టుకుందన్నమాట. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే అది కనిపిస్తుంది.

కోడ్ 'పీ'తో మొదలైతే ఇంజిన్, గేర్‌బాక్సు సంగతి. 'బీ' బాడీకి, 'సీ' బ్రేకుల వంటి వాటికి, 'యూ' కంప్యూటర్ల మధ్య కనెక్షన్‌కు. తర్వాతి అంకె సున్నా అయితే ఏ కంపెనీ కారుకైనా ఒకటే అర్థం.

డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కోడ్ లక్షణం చెబుతుంది, పాడైన పార్టు పేరు చెప్పదు. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండట్లేదని. ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న బండిలో ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి చూడమనండి. కోడ్ పీ0302కి మారిందా, కాయిలే పోయింది. పైసా ఖర్చులేని పరీక్ష! పీ0171 వస్తే వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేసేవాళ్లున్నారు. చీలిన గాలి గొట్టం వల్ల కూడా అదే కోడ్ వస్తుంది.

లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి పక్కన ఆపేయండి. మండకుండా బయటికొచ్చే పెట్రోలు కెటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది చాలా ఖరీదైన పార్టు. కోడ్ చెరిపించేముందు స్కానర్ స్క్రీన్‌కు ఫోటో తీసుకోండి. తేడా వచ్చినప్పటి ఇంజిన్ స్పీడు, వేడి వివరాలు కూడా కోడ్‌తోపాటే చెరిగిపోతాయి.