సేనాని పక్కనున్నవాడి సాక్ష్యం: గ్రాంట్ శిబిరంలో హొరేస్ పోర్టర్

యుద్ధంలో సేనాని ఏమని ఆదేశించాడో దస్తావేజులు చెబుతాయి. ఆ ఆదేశం రాసేటప్పుడు ఆయన ఎలా కూర్చున్నాడు, ఆ రాత్రి నిద్రపోయాడా లేదా అన్నది మాత్రం పక్కనున్న అధికారే చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది సైన్యాలను నడిపిన యులిసిస్ గ్రాంట్ గురించి ఈనాడు పదేపదే వినిపించే దృశ్యాల్లో చాలావాటికి ఆధారం ఆయన ఏడీసీ (సహాయక అధికారి) హొరేస్ పోర్టర్ రాసిన 'క్యాంపెయినింగ్ విత్ గ్రాంట్'. ఆ పుస్తకాన్ని ఎక్కడ నమ్మవచ్చు, ఎక్కడ ఆగి చూసుకోవాలి అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. సేనానికి దగ్గరగా ఉన్నాడన్న ఒక్క కారణంతో ఎవరి మాటా రుజువైపోదు. అతను ఏ పనిలో ఉండి చూశాడు, ఎప్పుడు రాశాడు, ఎవరి కోసం రాశాడు అన్న మూడింటినీ తూచాకే సాక్ష్యం బరువు తెలుస్తుంది.

సాక్షి నేపథ్యం

పోర్టర్ 1860లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం నుంచి బయటికొచ్చి ఆయుధ సరఫరా విభాగంలో పనిచేశాడు. 1863 అక్టోబర్‌లో చట్టనూగాలో గ్రాంట్‌ను తొలిసారి చూశాడు. 1864 వసంతంలో ఆయన సిబ్బందిలో చేరి యుద్ధం ముగిసేదాకా వెంట ఉన్నాడు. గ్రాంట్ దేశాధ్యక్షుడయ్యాక ఆయనకు కార్యదర్శి అయ్యాడు. న్యూయార్క్‌లో గ్రాంట్ సమాధి మందిరానికి విరాళాలు సేకరించిన సంఘానికి నాయకత్వం వహించిందీ ఈయనే. ఆ మందిరం ప్రారంభమైంది 1897 ఏప్రిల్ 27న. 'సెంచురీ' పత్రికలో ధారావాహికగా వచ్చిన స్మృతులు పుస్తకరూపం దాల్చిందీ అదే ఏడాది. అంటే ఇది 1864 నుంచి ముప్పై మూడేళ్ల తర్వాత, ఆరాధించిన నాయకుడి స్మారకం కడుతున్న చేతితోనే రాసిన గ్రంథం. యుద్ధకాలంలో శ్రద్ధగా నోట్సు రాసుకునే అలవాటు ఉండేదని పోర్టర్ ముందుమాటలో చెప్పాడు. దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు. అయితే ఏ వాక్యం ఆనాటి నోట్సు నుంచి వచ్చిందో, ఏది జ్ఞాపకం నుంచి వచ్చిందో పుస్తకం విడదీసి చూపదు.

బల్ల దగ్గర చూసినది

పోర్టర్ సాక్ష్యం గట్టిగా నిలిచేది ఆఫీసు పని దగ్గర. ముట్టడిలో చిక్కి, రేషన్లు తగ్గిపోయిన చట్టనూగాకు గ్రాంట్ 1863 అక్టోబర్ 23 రాత్రి వానలో తడిసి చేరాడు. మర్నాటి సాయంత్రం ఆయన బల్ల మీదికి వంగి సందేశాలు రాయడం పోర్టర్ గమనించాడు. కలం ఆగడం లేదు, కొట్టివేతలు దాదాపు లేవు. పూర్తయిన కాగితాన్ని పక్కకు విసిరేసి మరోటి అందుకుంటున్నాడు. గదిలో అవతల ఉన్న కాగితం కావాలంటే నడుం ఎత్తకుండా అలా వంగే వెళ్లి, అలాగే తిరిగొచ్చి కూర్చున్నాడు. అంతా అయ్యాక చెల్లాచెదురైన కాగితాలు ఏరి వరుసలో పెట్టాడు.

ఆ వంగిన నడుముకు మరో సాక్ష్యం అక్కర్లేదు గానీ, రాత సంగతి సరిచూడవచ్చు. గ్రాంట్ పత్రాలు 32 సంపుటాలుగా అచ్చయ్యాయి. ముఖ్యమైన ఆదేశాలు ఆయన స్వయంగా, పొట్టిగా, స్పష్టంగా రాసేవాడన్నది వాటిలో కనిపిస్తుంది. 1865 ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లో దక్షిణాది సేనాని రాబర్ట్ లీకి ఇచ్చిన లొంగుబాటు షరతులను కూడా తన చేతితోనే రాశాడు. ఇక్కడ జ్ఞాపకమూ కాగితమూ ఒకే మాట చెబుతున్నాయి.

గుడారంలో ఒక రాత్రి

మనసు సంగతికి వస్తే సాక్ష్యం పలచబడుతుంది. 1864 మే 5, 6 తేదీల్లో విల్డర్‌నెస్ అడవిలో ఘోరమైన పోరు జరిగింది. ఆరో తేదీ రాత్రి గ్రాంట్ పడుకున్న పది నిమిషాల్లోనే ప్రశాంతంగా నిద్రపోయాడని పోర్టర్ రాశాడు. అశ్వికదళ సేనాని జేమ్స్ విల్సన్ 1912లో ప్రచురించిన స్మృతుల్లో మరో కథనం ఉంది. గ్రాంట్ తన మంచం మీద బోర్లా పడి తీవ్రమైన ఉద్వేగానికి లోనయ్యాడని గ్రాంట్ సిబ్బంది ప్రధానాధికారి జాన్ రాలిన్స్ తనతో చెప్పినట్టు ఆయన రాశాడు. విల్సన్ ఆ రాత్రి అక్కడ లేడు. రాలిన్స్ 1869లోనే చనిపోయాడు. ఒకటి అభిమాని కథనం, మరోటి వినికిడి. పైగా రెండూ పరస్పరం పూర్తిగా పొసగనివి కావు. కుంగిపోయిన మనిషి కాసేపటికి నిద్రపోనూవచ్చు. మే 7 ఉదయం 6:30కి గ్రాంట్ రాసిన ఆదేశంలో మాత్రం సందిగ్ధం లేదు. సైన్యం వెనక్కి మళ్లదు, ఆ రాత్రే దక్షిణానికి కదలాలి. ఆ ఆదేశం రాసిన మనిషి రాత్రి ఎలా గడిపాడన్నది తేలని విషయంగానే ఉంచడం న్యాయం.

కోటుకు తగిలించుకున్న పేర్లు

పోర్టర్ పుస్తకంలో అందరికీ గుర్తుండిపోయే దృశ్యం కోల్డ్ హార్బర్ యుద్ధానిది. 1864 జూన్ 3 దాడికి ముందు సాయంత్రం సైనికులు కోట్లు విప్పి ఏదో కుట్టుకుంటున్నట్టు కనిపించారట. దగ్గరికి వెళ్లి చూస్తే, తమ శవాలను గుర్తుపట్టేందుకు పేర్లు, ఊళ్లు రాసిన కాగితపు ముక్కలను కోటు వీపుకు తగిలించుకుంటున్నారట. మరణం ఖాయమని సైనికులకు తెలిసింది, సేనానికి తెలియలేదు అన్న తీర్పుకు ఈ దృశ్యం ఆధారమైంది.

దీన్ని సందేహించడానికి కారణాలున్నాయి. ఆ యుద్ధాన్ని నిశితంగా పరిశోధించిన గోర్డన్ రే వంటి చరిత్రకారులు పోర్టర్ కథకు సమకాలీన ఆధారం లేదన్నారు. ఇలాంటి సంఘటనే 1863 నవంబర్ చివర్లో మైన్ రన్ దగ్గర జరిగినట్టు పలు కథనాలున్నాయి. అక్కడ ఉత్తరాది జనరల్ జార్జ్ మీడ్ ఆఖరి నిమిషంలో దాడి రద్దు చేశాడు. పోర్టర్ అక్కడ లేడు. విన్న కథ ఏళ్ల మీద చూసిన కథగా మారి ఉండవచ్చు.

నమ్మడానికీ ఒక కారణం ఉంది. గ్రాంట్‌కు చెడ్డపేరు తెచ్చే కథను ఆయన అభిమాని కల్పించడు కదా. అయితే పోర్టర్ ఆ దృశ్యాన్ని సైనికుల ధైర్యానికి నిదర్శనంగా చెప్పాడు, సేనాని తప్పిదానికి కాదు. కాబట్టి ఆ వాదన బలం కొంత తగ్గుతుంది. దాడిలో నష్టం లెక్కలకూ ఇదే జాగ్రత్త అవసరం. గంటలోపే 7,000 మంది పడిపోయారన్నది పాత లెక్క. ఉదయపు ప్రధాన దాడిలో నష్టం దాదాపు అందులో సగమేనని రే అంచనా. ఆ దాడికి ఎప్పుడూ చింతించానని గ్రాంటే తన ఆత్మకథలో రాశాడు. నష్టం తీవ్రతను ఒప్పుకోవడానికి తగిలించుకున్న కాగితాల కథ అవసరం లేదు.

పోల్చి చూడదగిన మరో సాక్షి

మీడ్ దగ్గర జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసిన థియోడర్ లైమన్ హార్వర్డ్‌లో చదివిన జీవశాస్త్రజ్ఞుడు, సముద్రజీవుల పరిశోధకుడు. ఆయన భార్యకు రాసిన ఉత్తరాలు 1922లో, నోటుపుస్తకాలు 2007లో వెలువడ్డాయి. మే 6 తెల్లవారుజామున ఆయన్ను మీడ్ విల్డర్‌నెస్ యుద్ధరంగంలో ఉన్న కోర్ కమాండర్ హాన్‌కాక్ దగ్గరికి పంపాడు. అక్కడి నుంచి లైమన్ సమయం వేసి పంపిన సందేశాలు ప్రభుత్వ అధికారిక రికార్డుల్లో ఉన్నాయి. కోల్డ్ హార్బర్ దాడి జరిగిన రెండు రోజులకు గ్రాంట్ ఉత్తరం పట్టుకుని తెల్లజెండాతో శత్రుపంక్తులకు వెళ్లిందీ ఆయనే. గాయపడినవారు రెండు సైన్యాల మధ్య ఎండలో పడి ఉండగా సంధి జూన్ 7 సాయంత్రానికి గానీ కుదరలేదు. అప్పటికి ప్రాణాలతో మిగిలినవారు బహు తక్కువ. లైమన్‌కూ ఇష్టాయిష్టాలున్నాయి, ఆయన మీడ్ పక్షపాతి. కానీ ఫలితం తెలియకముందే రాయడం వల్ల ఆయన పొరపాట్లు ఆనాటి పొరపాట్లుగానే మిగిలాయి, తర్వాతి కాలపు తీర్పులతో కలిసిపోలేదు.

నిర్ధారణ

ఈ కొద్ది ఉదాహరణలతో సిబ్బంది అధికారుల స్మృతులన్నిటికీ సూత్రం కట్టలేం. పోర్టర్ వరకు ఇంత చెప్పవచ్చు: తన కళ్లముందు జరిగిన పని గురించి చెప్పినప్పుడు ఆయన నమ్మదగినవాడు, సేనాని మనఃస్థితి గురించి చెప్పినప్పుడు ఒక పక్షపు సాక్షి, తానొక్కడే చెప్పే నాటకీయ దృశ్యాల్లో ఇంకా రుజువు కావలసినవాడు. ఆయన్ను ఉటంకించే ప్రతిచోటా 1864 పక్కన 1897 అనే ఏడాదిని కూడా రాయాలి. కోల్డ్ హార్బర్ మైదానంలో పడిపోయిన మనుషులు నిజంగా ఉన్నవారు. వారి చివరి సాయంత్రం గురించి ఆధారం ఉన్నంత వరకే మాట్లాడటం వారిపట్ల మనం పాటించాల్సిన కనీస మర్యాద.